రెండున్నరేళ్లు చేపనూనె వాడాక: కీళ్ల పట్టు సడలింది, బరువు మాత్రం దానివల్ల పెరగలేదు

ఒడిశాలోని బరంపురంలో ఉంటున్న నాకు చాలాకాలంగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. మూడేళ్ల కిందట అది ముదిరి, ఆకలి చచ్చిపోయి, బరువు 41 కిలోలకు దిగిపోయింది. చేపనూనె మాత్రలు వాడితే వాపులు తగ్గడమే కాకుండా ఒళ్లు కూడా చేస్తుందని మందుల దుకాణంలో చెబితే నమ్మి, రోజుకొకటి చొప్పున ఆరునెలలు మింగాను. ఏ మార్పూ కనిపించలేదు.

లోపం నా లెక్కలోనే ఉంది. సీసా మీద పెద్ద అక్షరాలతో ఉన్న 1000 మిల్లీగ్రాములు నూనె బరువు మాత్రమే. వెనకవైపు చీమతలకాయలంత అక్షరాల్లో ఇపిఎ 180, డిహెచ్‌ఎ 120 అని ఉంది. ఇవి ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, పని చేసేవి ఆ రెండే. కీళ్లవాతం మీద జరిగిన పరిశోధనల్లో ఇవి రెండూ కలిపి రోజుకు సుమారు మూడు గ్రాముల దాకా ఇచ్చారని, నా మాత్రలైతే పది మింగవలసి వస్తుందని డాక్టరుగారు వివరించి, ఒక్కొక్కదానిలో ఆ రెండూ కలిపి 600 మిల్లీగ్రాములుండే గాఢమైన రకం రోజుకు నాలుగు రాశారు. ఈ ఆమ్లాలు కణాల పొరల్లో చేరి, అక్కడి అరాకిడోనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లాన్ని కొంత తప్పించి, దాన్నుంచి జరిగే వాపును రేపే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. అందుకు వారాలు పడుతుంది కనుక నొప్పి మాత్రలాగా ఆ పూటకే గుణం కనిపించదు.

మూడో నెల దాటాక ఒకరోజు ఉదయం, కోడలు వచ్చేలోగానే చీర కుచ్చిళ్లు నేనే దోపుకున్నాను. అంతకుముందు లేచిన గంటన్నర వరకు వేళ్లు ముడుచుకునేవి కావు. ఇప్పుడు అరగంటలో సాగుతున్నాయి. రోజూ రెండు వేసుకునే నొప్పి మాత్రలు వారానికి రెండు మూడుకు వచ్చాయి. కీళ్లవాతానికి వాడే అసలు మందు ఒక్కరోజూ మానలేదు కనుక ఈ గుణమంతా చేపనూనెదేనని మాత్రం అనను.

బరువు సంగతి వేరు. నాలుగు మాత్రల నూనె మహా అయితే నలభై కేలరీలు, అంటే పిడికెడు వేరుసెనగ గుళ్లలో ఉండే శక్తిలో పావువంతు. మాంసకృత్తులు అసలే లేవు. నొప్పి తగ్గి ఆకలి పుట్టాక తిన్న గుడ్లు, పప్పు, కవ్వ చేపల పులుసు వల్లనే నేను 47 కిలోలకు వచ్చాను. గోపాలపూర్ నుంచి గంపతో వచ్చే చేపలామె "మాత్రలెందుకమ్మా, కవ్వలు తినండి" అని తెలుగులోనే మందలిస్తుంది. ఒంటి పుష్టి మాటకొస్తే ఆమె చెప్పిందే నిజం.

ఇబ్బందులూ ఉన్నాయి. పరగడుపున వేసుకుంటే మధ్యాహ్నం దాకా నీచు తేన్పులు వస్తాయి. భోజనం మధ్యలో వేసుకుంటే చాలావరకు తగ్గుతాయి. ఒక మే నెలలో తెప్పించిన సీసాలో మాత్రలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. ఒకదాన్ని సూదితో పొడిచి చెంచాలో పిండితే పాత రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటు కొట్టింది, సీసా మొత్తం పారేశాను. రక్తం పలుచబడే మందు వాడుతున్న మావారికి డాక్టరుగారు ఇవి వద్దన్నారు. ఆ సీసా పారేసినప్పటినుంచి ఎండాకాలానికి కావలసినవి ఫిబ్రవరిలోనే కొని, ఫ్రిజ్‌లో పెడుతున్నాను.