లడింగ్టన్ రేవు, చిన్న పడవ, చేత్తో తిప్పే డౌన్‌రిగ్గర్

అమెరికాలోని మిషిగన్ సరస్సులో సాల్మన్ చేపలు పట్టడానికి చిన్న పడవ తీసుకెళ్ళేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఏ డౌన్‌రిగ్గర్ (ఎరని లోతుకి దించే గిలక) కొనాలన్నది కాదు, ఏ రేవు నుంచి ఏ నెలలో దిగుతామన్నది. ఈ ఆగస్టులో నేనూ మా బావమరిదీ 16 అడుగుల అల్యూమినియం పడవను డెట్రాయిట్ వైపు నుంచి లాక్కెళ్ళి సరస్సు తూర్పు ఒడ్డునున్న లడింగ్టన్‌లోనూ, దానికి ఉత్తరాన ఉన్న మానిస్టీలోనూ తిరిగి వచ్చాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది.

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఎండాకాలంలో పైనీళ్ళు వేడెక్కితే చల్లటి నీళ్ళు అడుగున ఉండిపోతాయి. చినూక్ సాల్మన్‌కి 50 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళు ఇష్టం కాబట్టి ఆగస్టులో అది 60, 80, ఒక్కోసారి 100 అడుగుల లోతున తిరుగుతుంది. స్పూన్ అనే పల్చటి రేకు ఎర తనంతట తాను అంత కిందికి పోదు. అందుకే పడవ అంచుకి ఒక గిలక బిగిస్తారు. దాని తీగ చివర 8, 10 పౌండ్ల గుండు, గుండు దగ్గర ఒక క్లిప్పు, ఆ క్లిప్పులో మన గాలం దారం. చేప ఎర పట్టుకుని లాగితే దారం క్లిప్పులోంచి ఊడి వస్తుంది. ఆ తర్వాత చేపకీ మన రాడ్‌కీ మధ్య ఆ బరువు ఉండదు.

డెట్రాయిట్ నుంచి లడింగ్టన్‌కి ట్రైలర్‌తో నాలుగు గంటల పైనే పడుతుంది. ఊళ్ళో లూమిస్ స్ట్రీట్ చివర ఉన్న ర్యాంపు నాకు చాలా నచ్చింది. పడవ దింపిన కాసేపటికే సరస్సులో ఉంటాం, తిరిగొచ్చాక చేపలు శుభ్రం చేసుకోవడానికి అక్కడే చోటు ఉంది. విస్కాన్సిన్‌లోని మానిటోవాక్ వెళ్ళే బ్యాడ్జర్ ఓడ కూడా ఈ రేవు దారినే పోతుంది. ఇప్పటికీ బొగ్గుతో నడిచే ఆవిరి ఓడ అది, 410 అడుగుల పొడవు. అది వచ్చే వేళకి చిన్న పడవలు రేవు నోట్లో ఉండకుండా చూసుకోవాలి.

లడింగ్టన్ గొప్పతనం సరస్సు అడుగున ఉంది. ఉత్తరాన బిగ్ సేబుల్ లైట్‌హౌస్ దగ్గర ఒడ్డుకి కొంచెం దూరంలోనే నేల ఒక్కసారిగా పల్లమవుతుంది. లోతు కోసం మైళ్ళకి మైళ్ళు లోపలికి పోనక్కర్లేదు. దక్షిణాన సౌత్ హేవెన్, సెయింట్ జోసెఫ్ వైపు అడుగు మెల్లగా వాలుతుంది, ఆగస్టులో అక్కడ లోతు నీళ్ళు కావాలంటే చిన్న పడవ చాలా దూరం పోవాలి. వసంతంలో మాత్రం అక్కడ కోహో సాల్మన్ ఒడ్డు దగ్గరే దొరుకుతుంది. అప్పుడైతే పడవ అంచుకి మరతో బిగించే అన్నిటికన్నా చిన్న క్లాంప్ డౌన్‌రిగ్గర్ ఉన్నా అవసరానికి మించినట్టే.

లడింగ్టన్ ఊరికి దక్షిణాన, సరస్సు నీళ్ళని పైకి పంపు చేసి మళ్ళీ కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ కేంద్రం ముందు కూడా చేపలు బాగా ఉంటాయి. కాకపోతే చేపలు పంపుల్లోకి పోకుండా అక్కడ వేసవంతా రెండున్నర మైళ్ళ పొడవున వల కట్టి ఉంచుతారు. గుండు కిందికి వదిలిన పడవ దాని దరిదాపులకి పోకూడదు.

ఇక గిలక సంగతి. చేత్తో తిప్పేవాటిలో క్యానన్, స్కాటీ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. పేరు కన్నా మనకి ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ఒక చుట్టుకి ఎంత తీగ లోపలికి వస్తుందో ముందు చూడండి. అడుగు చొప్పున వచ్చేదైతే 85 అడుగుల నుంచి గుండు పైకి తేవడానికి 85 చుట్లు. రెండడుగుల చొప్పున వచ్చేదైతే అందులో సగం, కానీ ప్రతి చుట్టుకీ చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి. చేప పడిందంటే ఒకరు రాడ్ పట్టుకోవాలి, ఇంకొకరు గుండు పైకి లాగెయ్యాలి. ఆ నిమిషంలో టెన్షన్ ఎంత ఉంటుందంటే, చేప దారం గుంజుకుపోతూ మా బావమరిది చేతిలో రీల్ గీపెడుతుంటే నేను భుజం మండుతున్నా ఆపకుండా తిప్పాను. లడింగ్టన్ లోతులకి రెండడుగులదే కొనమంటాను. 10 పౌండ్ల గుండు దాటితే మాత్రం చేతికి భారమే. తేలిక గుండు పడవ వేగానికి వెనక్కి తేలిపోతుంది, తీగ ఎంత దిగిందో చెప్పే కౌంటర్ 80 అని చూపించినా ఎర అంతకన్నా పైనే ఉంటుంది. నాకు 10 పౌండ్లు సరిపోయాయి.

బూమ్, అంటే గుండు తీగని పడవ బయటికి పట్టి ఉంచే కడ్డీ, పొట్టిదే తీసుకోండి, రెండడుగులు చాలు. పెద్ద పడవలవాళ్ళు నాలుగడుగులది పెడతారు. మన పడవలో అంత దూరాన వేలాడే గుండు అందుకోవాలంటే ఒళ్ళంతా నీళ్ళ మీదికి వంచాలి, ఇద్దరూ ఒకవైపుకి వస్తే పడవ ఒరుగుతుంది. క్లచ్ విషయంలో రాజీ వద్దు. గుండు దించేటప్పుడు హ్యాండిల్ దానంతటదే గిర్రున తిరిగే రకమైతే వేళ్ళు పచ్చడి అవుతాయి. హ్యాండిల్ కదలకుండా, క్లచ్ వదులు చేస్తే గుండు నెమ్మదిగా దిగేది కావాలి. గుండు అడుగున దేనికైనా తగులుకున్నప్పుడు కూడా అదే క్లచ్ జారి తీగ వదలాలి, లేకపోతే పడవ వెనకభాగాన్ని కిందికి లాగేస్తుంది. తీగ కోసే కట్టర్ చేతికందేచోట ఉంచుకోండి. ఇంకొకటి, పల్చటి అల్యూమినియం అంచుకి నేరుగా బోల్టులు బిగిస్తే రేకు వంగుతుంది, లోపలి వైపు ఒక పట్టీ వెయ్యాలి.

ఎలక్ట్రిక్ మోడల్ సుఖమే, కాదనను. కానీ ధర కొన్ని రెట్లు, పైగా మా పడవలో ఉన్నది ఒక్కటే బ్యాటరీ. దాన్ని మోటారు స్టార్ట్ చెయ్యడానికే ఉంచాలి. ఈ సరస్సు మీద ఆ జాగ్రత్త అతి కాదు. మిషిగన్‌లో కోహో పిల్లల్ని వదిలింది 1966లో. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 23న ఆ చేపల కోసం చిన్న పడవల్లో ఎగబడ్డవాళ్ళ మీద తుఫాను విరుచుకుపడి ఏడుగురు చనిపోయారు. పడమటి గాలి లేస్తోందంటే గుండు లాగేసి ఒడ్డుకి తిరగాల్సిందే.

బసకి లడింగ్టన్ స్టేట్ పార్క్ క్యాంపు చోటు దొరికితే ఇంకేమీ వెతక్కండి. బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు, వేసవి వారాంతాలు చకచకా అయిపోతాయి. ఇంట్లోవాళ్ళకి ఇసుక తిన్నెలు, హామ్లిన్ సరస్సు, లైట్‌హౌస్ దాకా నడక ఉన్నాయి. పార్కులోని ర్యాంపు హామ్లిన్ సరస్సుకే, మధ్యలో ఆనకట్ట ఉంది. పెద్ద సరస్సుకి ఊళ్ళోకి ఎనిమిది మైళ్ళు పోవాలి.

మానిస్టీలో మేం దిగిన మోటెల్ గది శుభ్రంగానే ఉంది. ట్రైలర్‌కి చోటుందని ఫోన్లో చెప్పి, తీరా వెళ్ళాక వీధిలో పెట్టుకోమన్నారు. పడవలో వేల డాలర్ల సామాను పెట్టుకుని రాత్రంతా నిద్ర ఎలా పడుతుంది? ఊరు మాత్రం ముచ్చటగా ఉంది. నది ఒడ్డున నడక దారి, అటూ ఇటూ పాత భవనాలు, సాయంత్రం కాళ్ళు సాగేదాకా తిరగొచ్చు.

కొనడానికి ముందు సగం రోజు చార్టర్ పడవ (కెప్టెన్‌తో సహా అద్దెకి దొరికేది) ఎక్కడం మంచిది. డబ్బు ఎక్కువే అయినా, కెప్టెన్ ఏ లోతున ఏ బరువు వాడుతున్నాడో, ఎర క్లిప్పుకి ఎంత వెనక ఉండేలా దారం పెడుతున్నాడో కళ్ళారా చూస్తారు. మేం ఎక్కినప్పుడు అడిగితే ఓపిగ్గా చెప్పారు కూడా.

సెప్టెంబరుకి లెక్క మారిపోతుంది. గోదావరికి పులస ఎదురెక్కినట్టు సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి నదుల్లోకి వస్తుంది, నది నోటి దగ్గర 20, 30 అడుగుల నీళ్ళలోనే గుంపులు కడుతుంది. అప్పుడైతే నేను మానిస్టీయే ఎంచుకుంటాను, డౌన్‌రిగ్గర్ పని కూడా తక్కువే. గది బుక్ చేసేటప్పుడు ట్రైలర్ ఎక్కడ పెట్టాలో అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోండి.