తిరుపతిలో పాత మరపాచి బొమ్మలు కొంటున్నారా? ‘శాపం’ ఫోన్ వస్తుంది, జాగ్రత్త

దసరా కొలువు కోసం తిరుపతిలో ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర మరపాచి బొమ్మల జత (రాజారాణి చెక్కబొమ్మలు) కొన్నాం. వందేళ్ల నాటి ఎర్రచందనం అన్నాడు. 4,500 ఇచ్చాం. బిల్లు అడిగితే పాతవాటికి ఉండదన్నాడు. అప్పుడే వద్దని వచ్చేయాల్సింది.

నాలుగో రోజు అమ్మకు ఆ వ్యాపారి ఫోన్. “అమ్మా, ఆ రాజారాణి బొమ్మలున్న ఇంట్లో మొగుడూ పెళ్లాం ఏడాది తిరక్కుండా పోయారంట, నాకూ ఇప్పుడే తెలిసింది” అని మొదలుపెట్టాడు. అమెరికాలో దెయ్యం పట్టిందని చెప్పే అనబెల్ బొమ్మని అద్దాల పెట్టెలో బంధించారని, శాపం ఉందని పేరుపడ్డ హోప్ వజ్రం ముట్టుకున్నవాళ్లెవరూ బాగుపడలేదని చెప్పి ఫోటోలు కూడా పంపాడు. శాంతికి 11,000 అట. అమ్మ భయపడి, మాకు చెప్పకుండా 5,000 పంపేసింది. రెండు రోజులకు మళ్లీ ఫోన్: శాంతి సగంలో ఆపితే ఇంకా కీడట, మిగతా 6,000 వెంటనే పంపాలట.

అప్పుడు ఏడుస్తూ చెప్పింది. పక్కన కూర్చుని ఆ వజ్రం కథంతా చెప్పాను. అది మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందే అంటారు. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన టావెర్నియే అనే ఫ్రెంచ్ వ్యాపారిని కుక్కలు పీక్కుతిన్నాయని కథ. నిజానికి ఆయన దాన్ని 1668లో ఫ్రాన్స్ రాజుకి అమ్మి, ఎనభై దాటేదాకా బతికాడు. 1910 ప్రాంతంలో కార్టియే అనే నగల వ్యాపారి ఒక ధనవంతురాలి చేత ఆ రాయి కొనిపించడానికి ఈ శాపం కథనే పెంచి పెంచి చెప్పాడు. సరుకు అమ్మడానికి శాపాన్ని వాడుకోవడం అప్పటి నుంచీ ఉంది. ఆ వజ్రం 1958 నుంచి వాషింగ్టన్‌లో మ్యూజియంలో ఉంది, రోజూ జనం చూసి వెళ్తూనే ఉన్నారు.

తర్వాత బొమ్మల్ని బకెట్ నీళ్లలో వేశాం. అసలైన ఎర్రచందనం బరువుకి మునుగుతుంది. ఇవి తేలాయి. అడుగున గీకితే రంగు కింద తెల్ల చెక్క.

చిత్తూరులో మా అత్తకు తెలిసినావిడకీ ఇదే ఫోన్, ఇవే ఫోటోలు. అందుకే రాస్తున్నాను. బిల్లు లేకుండా కొనకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మెసేజ్‌లు చెరపొద్దు. మేము ఫిర్యాదు ఇచ్చాం, డబ్బు ఇంకా రాలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ హాల్లో లైటు వేసే పడుకుంటోంది.