స్కిపోల్‌లో టాక్సీ దెబ్బ, క్రూకియస్‌లో ఎనిమిది ఏతాలు

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, అక్కడి స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ పక్కన "ఫ్రీ షటిల్" అని రాసిన హోటల్ కనబడితే కింద చిన్న అక్షరాలు కూడా చదవండి. మేం చదవలేదు. గది 149 యూరోలే కదా అనుకున్నాం, టూరిస్ట్ ట్యాక్స్ వేరే అన్నారు, షటిలేమో రాత్రి పదింటిదాకేనట, మేం దిగింది పదకొండింటికి, దాంతో టాక్సీకి ఇంకో 38. పొద్దున టిఫిన్ మనిషికి 21 యూరోలు. ఏముంది అందులో? బ్రెడ్డు, చీజు, చల్లారిపోయిన గుడ్లు. అడిగితే "వెబ్‌సైట్లో ఉంది కదా" అన్నాడు రిసెప్షన్ అబ్బాయి, తలెత్తకుండానే. అమ్మ రోజంతా లెక్కలు వేస్తూనే ఉంది, నాన్న అసలు నోరు విప్పలేదు.

కాలువలు, పడవ, ఫొటోలు, అన్నీ అయ్యాయి.

మూడోరోజు హార్లెమ్ నుంచి బస్సెక్కి క్రూకియస్ వెళ్ళాం. ఒక పెద్ద సరస్సుని తోడెయ్యడానికి 1849లో కట్టిన పంపింగ్ స్టేషన్, ఇటుకతో గుండ్రటి కోటబురుజులా ఉంటుంది. గోడల్లోంచి చుట్టూ ఎనిమిది ఇనుప దూలాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మధ్యలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పోతపోసిన సిలిండరు, అడ్డంగా కొలిస్తే 12 అడుగులు. లోపల ఆవిరి పెద్ద బరువుని పైకి లేపుతుంది, అది దిగేటప్పుడు బయట ఎనిమిది పంపులు నీళ్ళు ఎత్తి, చుట్టూ తవ్విన కాలువలో పోస్తాయి. ఇప్పుడు ఆవిరి లేదు, హైడ్రాలిక్స్‌తో ఆడిస్తున్నారు. అది కదలడం చూసి నాన్న, "ఏతమేరా ఇది!" అన్నారు, రెండ్రోజుల తర్వాత మొదటి మాట. కొల్లేరు పక్క ఊరు మాది, చేలో నీళ్ళు నిలిస్తే ఎంత కష్టమో ఆయనకి తెలుసు. ఇక గైడుని వదిలితేనా! నీళ్ళు ఎటు పోయేవి, బొగ్గు ఎవరు మోసేవాళ్ళు, నా ఇంగ్లిష్ అనువాదం చాల్లేదు.

ఈ సరస్సుని తోడెయ్యడానికి 17వ శతాబ్దంలోనే లేగ్‌వాటర్ అనే ఆయన 160 గాలిమరలు కావాలని లెక్కేశాడట. చివరికి ఇలాంటి మూడు ఇంజిన్ హౌసులే 1852కల్లా దాదాపు 18,000 హెక్టార్లు ఆరబెట్టాయి. గాలిమరల దగ్గర సెల్ఫీల తొక్కిసలాట కంటే ఇదే నయం, నా మాట వినండి. ఇంజిన్ ఎప్పుడు ఆడిస్తారో మాత్రం ముందే కనుక్కుని వెళ్ళండి.

ఎయిర్‌పోర్ట్ కూడా ఆ ఎండిన నేలమీదే ఉందని చెప్తే నాన్న నవ్వి, "అయితే మన విమానం చెరువు అడుగున దిగిందన్నమాట" అన్నారు.

"అందుకేనేమో, దిగీ దిగ్గానే ముంచేశారు," అంది అమ్మ.