యాభై వేల ఎంఏహెచ్ అని రాసున్న పవర్ బ్యాంకు కొనకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు

పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వైజాగ్ వెళ్లి విమానం ఎక్కేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు పోయింది ఆరువందల యాభై రూపాయలే. కానీ వెనక అంత లైను ఉండగా పక్కకి పిలిచి నిలబెడితే వచ్చే టెన్షన్ వేరు.

పోయిన నెల పెళ్లి పట్టుచీరల కోసం బరంపురం వెళ్లినప్పుడు అక్కడి బజారులో రెండు పవర్ బ్యాంకులు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. మీద పెద్ద అక్షరాలతో 50000 ఎంఏహెచ్ అని ఉంది. "ఫ్లైట్‌లో రానిస్తారా?" అని అడిగాను కూడా. "ఎందుకు రానివ్వరు బాబూ, మా అబ్బాయి బెంగళూరు ఇదే పట్టుకెళ్లాడు" అన్నాడు షాపాయన. బిల్లు అడిగితే ఇంత చిన్న వస్తువుకి బిల్లేంటన్నాడు. నేనూ ఊరుకున్నాను, అది నా తప్పే.

చెక్-ఇన్ బ్యాగులో పవర్ బ్యాంకు పెట్టకూడదని నాకు తెలుసు, చేతిసంచిలోనే పెట్టాను. అన్నీ తెలిసినవాణ్ణనుకున్నాను. సెక్యూరిటీ ఆయన ట్రేలోంచి తీసి, తిరగేసి, బొటనవేలు ఆ అంకె మీద పెట్టి "ఇది వెళ్లదండీ" అన్నాడు.

లెక్క ఇదీ. విమానాల వాళ్లు చూసేది ఎంఏహెచ్ కాదు, వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందన్న లెక్క. ఎంఏహెచ్‌ని 3.7తో (లోపలి సెల్లు వోల్టేజి) గుణించి వెయ్యితో భాగిస్తే వస్తుంది. 20000 అయితే 74 వాట్ అవర్లు. 100 దాకా ఎవరినీ అడగక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి, అవీ మనిషికి రెండే. 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. నాది 185. అంకెలు చెరిగిపోయినా, అసలు లేకపోయినా కూడా పక్కన పెట్టేస్తారు.

ఇంటికొచ్చాక బావమరిదికి ఇవ్వాల్సిన రెండోదాన్ని కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. రెండువందల గ్రాములు కూడా తూగలేదు. అనుమానమొచ్చి మా వీధి మొబైల్ రిపేరు కుర్రాడికిస్తే జాగ్రత్తగా విప్పి చూపించాడు. లోపల టార్చిలైటు బ్యాటరీల్లాంటి సెల్లులు రెండే, మిగతాది ఖాళీ. ఆ సైజు సెల్లు ఎంత మంచిదైనా 3500 ఎంఏహెచ్‌కి మించి పెద్దగా రాదు, అంటే రెండూ కలిపితే ఏడు వేలు. లోపలి సరుకు ప్రకారం అది దర్జాగా విమానం ఎక్కాల్సిన వస్తువు! పైన అచ్చేసిన అబద్ధమే దాన్ని ఆపింది. నేను రెండు రకాలుగా మోసపోయాను.

కాబట్టి కొనేటప్పుడు వెనక వాట్ అవర్లు అచ్చేసి ఉన్నదే తీసుకోండి, మామూలు ప్రయాణానికి 10000 లేదా 20000 చాలు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలు కంపెనీ పేరు వస్తుంది. నా దానిమీద ఆ గుర్తే లేదు. అప్పుడు చూసుకోలేదు.

ఇంకో మాట. మంచి పవర్ బ్యాంకైనా ఇప్పుడు మన విమానాల్లో దానితో ఫోన్ చార్జింగ్ పెట్టనివ్వరు, సీట్ల పైనుండే సామాన్ల అరలోనూ పెట్టకూడదు, దగ్గరే ఉంచుకోవాలి. ఊరికే పెట్టిన రూలు కాదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం పై అరలో మంటలు లేచి, ఇంకా నేల మీద ఉండగానే కాలిపోయింది. పవర్ బ్యాంకు వల్లే అయ్యుండొచ్చని అక్కడి దర్యాప్తులో తేలింది.

మొన్న బరంపురం వెళ్లినప్పుడు విప్పిన ముక్కలు షాపాయన ముందు పెట్టాను. "విప్పేశాక వాపసు తీసుకోం బాబూ" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగింది బిల్లు. షాపులో మాత్రం అవే డబ్బాలు ఇంకా వరసగా వేలాడుతున్నాయి, ఇప్పుడు 60000 అని కొత్తవి కూడా వచ్చాయి.