ఫలిత బలం: గీసి కనుక్కోవాలా, లెక్కకట్టాలా?

ఒకే వస్తువు మీద రెండు బలాలు: 10 న్యూటన్లు, 6 న్యూటన్లు, మధ్య కోణం 60 డిగ్రీలు. రెంటికీ బదులు పనిచేసే ఒకే బలం, అంటే ఫలితం, ఎంత, ఎటు?

గీస్తే: 2 న్యూటన్లకు 1 సెం.మీ. చొప్పున 5 సెం.మీ. గీత, దాని కొస నుంచి 60 డిగ్రీలు తిప్పి 3 సెం.మీ. గీత గీసి, మొదలూ చివరా కలిపితే 7 సెం.మీ., అంటే 14 న్యూటన్లు. మొదటి గీతతో దాని కోణం కోణమానినితో కొలిస్తే దాదాపు 22 డిగ్రీలు. పెన్సిల్ మొద్దుబారిందా, కోణం తేడా కొట్టినట్టే.

లెక్కకడితే: అడ్డంగా (10 న్యూటన్ల బలం వైపు) 10 + 6 కాస్ 60 = 13, నిలువుగా 6 సైన్ 60 = 5.2. వీటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే అదే 14, 5.2ను 13తో భాగించి ఆ టాన్ విలువకు కోణం చూస్తే అవే 22 డిగ్రీలు, ఇంకా కచ్చితంగా. కానీ ఒక్క మైనస్ గుర్తు మర్చిపోతే దిశ మొత్తం తారుమారవుతుంది, బొమ్మ లేదు కాబట్టి ఆ తప్పు కంటికి ఆనదు కూడా.

దిశ దగ్గరే తికమకపడేవాళ్లు ముందు గీయండి. బలాలు మూడో నాలుగో ఉన్నా, ఎంట్రన్స్ పరీక్షైనా లెక్కే. అక్కడ స్కేలు పట్టుకుని కూర్చుంటే టైం సరిపోదు.