పలకా, యంత్రమా: మాట పోయాక ఏది మేలు?

ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు వల్ల నాన్న మాట పోయాక మా ఇంట్లో రెండూ వాడాం. ఒకటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద రాసుకున్న అక్షరాల పలక. రెండోది చూపుతో టైప్ చేస్తే పైకి చదివి వినిపించే కంప్యూటర్. ఈ జబ్బు బయటపడ్డ ఇంటివాళ్లు మొదట అడిగేది "ఏ మెషీన్ కొనాలి?" అని. నేనైతే దానికంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోమంటాను: ఇంట్లో మాట ఎవరు మొదలుపెడుతున్నారు? మనమేనా, ఆయన కూడానా?

ఈ జబ్బులో కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోతాయి. చేతులు, కాళ్లు, నాలుక, మింగడం, చివరికి ఊపిరి కూడా వాటి చేతిలోనే ఉంటాయి. కళ్లను తిప్పే కండరాలు మాత్రం చాలామందిలో ఆఖరిదాకా నిలబడతాయి. వినికిడి పోదు, స్పర్శ పోదు. కొందరిలో ఆలోచనలోనూ ప్రవర్తనలోనూ మార్పు వస్తుంది గానీ చాలామందికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. అయినా చూడ్డానికి వచ్చిన చుట్టాలు నాన్న చెవి దగ్గరకు వంగి గట్టిగా అరిచేవాళ్లు. ఆయన కళ్లు నా వైపు తిరిగేవి. ఆ చూపుకు అర్థం చెప్పడానికి ఏ పలకా అక్కర్లేదు.

ముందు పలక సంగతి. అక్షరాలను గుంపులుగా విడదీసి పలక అంచుల వెంట రాస్తారు. గుంపులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు. పలకను ఇద్దరి ముఖాల మధ్య ఎత్తి పట్టుకుంటే ఆయన చూపు ముందు గుంపు మీదికి, తర్వాత రంగు మీదికి వెళుతుంది. అవతలి నుంచి మనం ఆ చూపును చదువుతాం. కరెంటు అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు, మంచం మీద ఓ పక్కకు ఒత్తిగిలి ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా పనిచేస్తుంది.

తెలుగుకు వచ్చేసరికి కొంత తిప్పలు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ ఎక్కిస్తే పలక నిండిపోతుంది. మేము వత్తులు తీసేశాం. "అమ్మ" అనడానికి "అమ" చాలు. మహాప్రాణాలు కూడా చాలావరకు పోయాయి. తెలుగు మాస్టారెవరైనా చూస్తే బాధపడతారు గానీ ఇంట్లో పని జరిగింది.

పలకతో అసలు ఇబ్బంది వేగం కాదు. నిజానికి అలవాటైన ఇద్దరి మధ్య అది బాగానే పరిగెడుతుంది. ఇబ్బంది ఏమిటంటే చదివేవాడి తొందర. "దు" రాగానే నేను "దుప్పటా?" అనేశాను. కాదని కళ్లు మూశారు. "దురదా?" కాదు. ఐదు నిమిషాలు నా ఊహలన్నీ కాదనడానికే సరిపోయింది. ఆయన చెప్పదలచింది "దుమ్ము", ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము. నోరు మూసుకుని మిగతా అక్షరాలు చూసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. ఇంకో సంగతి, పలకను ఎవరో ఒకరు తీసి ఎదురుగా నిలబడితేనే మాట. మనకు అడగాలనిపించినప్పుడే ఆయనకు చెప్పే వీలు.

పలక మీద చూపు నిలపలేని వాళ్లకు ఇంకో దారి ఉంది. మనం వరుసలు పైకి చదువుతూ పోతాం, సరైన చోట వాళ్లు కళ్లు పైకెత్తుతారు. నెమ్మది, కానీ నమ్మకం.

ఇక యంత్రం. తెర కింద ఉన్న చిన్న పట్టీ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కళ్ల మీదికి పంపుతుంది. కనుపాప ఎక్కడుంది, కంటి పైపొర మీద ఆ కాంతి మెరుపు ఎక్కడ పడింది అన్నది కెమెరా చూసి, తెర మీద ఎక్కడ చూస్తున్నారో లెక్క కడుతుంది. మొదట కొన్ని చుక్కలు చూపించి ఆ కళ్లకు తగ్గట్టు సర్దుకుంటుంది, దీన్నే కాలిబ్రేషన్ అంటారు. ఆ తర్వాత అక్షరం మీద కాసేపు చూపు నిలిపితే చాలు, అది నొక్కినట్టు. మొదట్లో ఒక సెకను పెట్టుకుని, అలవాటయ్యే కొద్దీ తగ్గించుకోవచ్చు.

వినడానికి తేలికే. కానీ మనకు కళ్లు చూడ్డానికే ఉన్నాయి, నొక్కడానికి కాదు. ఊరికే చదువుదామన్నా ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. కాబట్టి చూపును కాసేపు పట్టించుకోకుండా ఆపే బటన్ ఉందో లేదో మొదటే చూసుకోండి. కిటికీలోంచి ఎండ పడితే తడబడుతుంది. కొన్ని రకాల కళ్లద్దాలతో పేచీ. రెప్పలు వాలిపోతున్నా, కళ్లు పొడిబారినా కష్టమే. తెర సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో, ముఖానికి సూటిగా ఉండాలి. మనిషిని కాస్త జరిపితే తెరనూ జరపాలి. అందుకే తెరను పట్టే మంచి స్టాండు లేకపోతే యంత్రం ఎంత మంచిదైనా మూలన పడుతుంది.

వేగమా? మామూలుగా మనం నిమిషానికి 150 మాటల దాకా మాట్లాడతాం. చూపుతో పదీ ఇరవై మధ్య వస్తే బాగా వచ్చినట్టే. నాన్న జోకు టైప్ చేసి ముగించేసరికి మేము ఇంకో కబుర్లోకి వెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆయన కళ్లు తెర మీద కదులుతుంటే అందరూ ఆగాలి, వెనక నిలబడి సగం వాక్యం చదివి జవాబు చెప్పేయకూడదు. ఏ యంత్రంతోనూ రాని తేడా ఆ నియమంతో వచ్చింది.

చూపు ఒక్కటే దారి కూడా కాదు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో ఈ జబ్బని తేలింది. 1985లో గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట పోయింది. ఆయన మొదట చేతి స్విచ్‌తో, చేయి సాగనప్పుడు చెంప కదలికను పసిగట్టే సెన్సర్‌తో మాట్లాడారు. ఒక్క కండరమైనా నమ్మకంగా కదులుతుంటే స్విచ్ పద్ధతిని కొట్టిపారేయొద్దు, కళ్లకు అంత శ్రమ ఉండదు. మెదడులో అమర్చే పరికరాలతో నిమిషానికి 62 మాటలు వచ్చాయని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. కానీ అవి ఇంకా పరిశోధన దశలోనివి, వాటి కోసం ఆగి కూర్చోవడం తెలివైన పని కాదు.

కొనే ముందు అలవాటు చేసి చూడొచ్చు. విండోస్‌లో కంటితో నడిపే సదుపాయం 2017లో వచ్చింది, ఆప్టికీ అనే కీబోర్డు ఉచితం. ఈ రెంటికీ విడిగా ఐ ట్రాకర్, అంటే చూపును పసిగట్టే ఆ పట్టీ, కావాలి. ఐఫోన్‌లో ముందు కెమెరాతోనే పనిచేసే ఐ ట్రాకింగ్ 2024లో వచ్చింది. ప్రత్యేక పరికరమంత కచ్చితంగా ఉండదు, రుచి చూడ్డానికి పనికొస్తుంది.

మేము చేయకపోయిన పని ఒకటుంది. మాట ముద్దగా మారకముందే గొంతు రికార్డు చేయడం. పాత గొంతు నమూనాలతో అచ్చం అలాంటి గొంతును తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మీ భాషలో అవి దొరకకపోయినా ఫోనులో మామూలు రికార్డింగ్ చాలు. పిల్లల్ని పిలిచే ముద్దు పేర్లు, విసుక్కోవడం, నవ్వు, "ఒరేయ్, ఇటు రా". ఇవన్నీ తర్వాత యంత్రంలో ఒక్కో బటన్‌కు తగిలించుకోవచ్చు.

ఏది మేలంటారా? పలక ఈరోజే చేసుకోండి, అది ఎప్పటికీ ఉండాల్సిందే. యంత్రం పాడైన రోజు, స్నానం చేయించేటప్పుడు, కొత్త నర్సు వచ్చినప్పుడు అదే దిక్కు. కానీ పలక ఉందిగా అని యంత్రాన్ని వాయిదా వేయొద్దు. మేము వేశాం. చేతులు కొంచెం ఆడుతున్నప్పుడే మొదలుపెట్టి ఉంటే నేర్చుకోవడం ఆయనకు ఓ ఆటలా ఉండేది. ఆలస్యం చేసేసరికి అలసటతో పోరాటంలా మారింది. రాత్రిపూట మాత్రం రెండూ దండగే. చిన్న కదలికకు మోగే కాలింగ్ బెల్ స్విచ్ విడిగా పెట్టుకోండి.

యంత్రం వచ్చిన మూడో వారం అనుకుంటా. నేను వంటింట్లో ఉన్నాను, నాన్న గదిలో ఎవరూ లేరు. ఉన్నట్టుండి ఆ గదిలోంచి కంప్యూటర్ గొంతు వినిపించింది: "ఫ్యాన్ ఎప్పుడు తుడుస్తావు?"

అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.