కోడ్ చూపించని జబ్బు: 900 రూపాయల ఓబీడీ స్కానర్, మూడేళ్ల వాడకం తర్వాత

బండిలోని ఓబీడీ సాకెట్లో గుచ్చితే ఇంజిన్ రీడింగులను ఫోనుకి పంపే బ్లూటూత్ స్కానర్ ఇది. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒకసారి కోడ్ (లోపానికి ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టే నంబరు) చదివి, చెరిపేసి, గ్లవ్‌బాక్సులో పడేస్తారు. కోడ్ కోసమే అయితే ఇది దండగ. దీని అసలు సత్తా లైవ్ డేటా గ్రాఫ్‌లో ఉంది. నాలుగు రీడింగులు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, ఫోను పక్క సీటువాళ్ల చేతికిచ్చి బండి నడపాలి. అప్పుడు తెలుస్తుంది దీని విలువ.

ఒక ఉదాహరణ: 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మే నెల, విజయవాడ ఎండ. సిగ్నల్ దగ్గర ఐదారు నిమిషాలు ఆగితే ఏసీ వేడిగాలి కొడుతుంది. ఆ వెంటనే యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం తటపటాయించి, బరువుగా కదులుతుంది. హైవే ఎక్కితే రెండూ మాయం. చెక్ ఇంజిన్ లైటు లేదు, కోడూ లేదు. ఇలాంటప్పుడు దొరికే సలహాలు తెలిసినవే: ఏసీకి గ్యాస్ ఎక్కించు, పికప్‌కి ప్లగ్గులు మార్చి ఇంజెక్టర్లు కడిగించు.

ముందు ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి, అంటే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్‌ని లెక్కకంటే ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. షార్ట్ (అప్పటికప్పటి సవరణ), లాంగ్ (నిలకడ సవరణ) రెండూ కలిపి ఐడిల్‌లో +15 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో గాలి లీకవుతున్నట్టు. అదే ఐడిల్‌లో బాగుండి, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతూ పోతే ఫిల్టరో పంపో పెట్రోల్ సరిగా అందించడం లేదన్నమాట. ఈ బండిలో ఎక్కడ చూసినా ±5 లోపే. పెట్రోల్ వైపు అనుమానం అక్కడితో తీరింది, ఇంజెక్టర్ క్లీనింగ్ ఖర్చూ తప్పింది.

తర్వాత గ్రాఫ్‌లో పెట్టినవి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, ఇన్‌టేక్ (ఇంజిన్ లోపలికి పోయే) గాలి టెంపరేచర్, ఇంజిన్ లోడ్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడుతోందో). ఆగి ఉన్న ఏడు నిమిషాల్లో కూలెంట్ 92 డిగ్రీల నుంచి 106కి ఎక్కింది. ఇన్‌టేక్ గాలి 66. సరిగ్గా ఏసీ చల్లదనం పోయిన క్షణాన ఇంజిన్ లోడ్ ఒక్కసారిగా దిగింది, అంటే కంప్రెసర్ కట్ అయింది. బండి కదిలించగానే టైమింగ్, మామూలుగా అదే వేగం దగ్గర 15 డిగ్రీలు ఉండేది, 7కి పడిపోయింది. నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండటం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్‌ని వెనక్కి లాగుతోంది. మనకి అది పికప్ లేకపోవడంగా తెలుస్తుంది. రెండు జబ్బులు కావు, ఒకటే వేడి.

ఈ బండికి టెంపరేచర్ ముల్లు లేదు, నీలం, ఎరుపు లైట్లే. 106కి ఎరుపు వెలగదు. ముల్లున్న చాలా బండ్లలోనూ అది చాలా దూరం వరకు మధ్యలోనే కదలకుండా ఉంటుంది. కాబట్టి డ్యాష్‌బోర్డును నమ్ముకుంటే ఇది ఎప్పటికీ దొరకదు.

గ్యాస్ తక్కువైతే సాధారణంగా హైవే మీదా ఎంతో కొంత చల్లదనం తగ్గుతుంది. ఆగినప్పుడే పోతోందంటే మొదటి అనుమానం కండెన్సర్‌కి (ఏసీ వేడిని బయటికి వదిలే ముందువైపు జాలీకి) గాలి అందకపోవడం మీదే. నిర్ధారణకు ఒక మగ్గు నీళ్లు చాలు: ఏసీ ఆన్‌లో ఉంచి, గ్రిల్ ముందునుంచి కండెన్సర్ మీద మెల్లగా పోయాలి, లోపల ఇంజిన్ మీద కాదు. వెంటనే చల్లగాలి వస్తే దోషి చాలావరకు రేడియేటర్ ఫ్యానే. ఏసీ నొక్కిన కొద్ది సెకన్లలో తిరగాల్సిన ఫ్యాన్ ఇక్కడ తిరగలేదు. ఫ్యూజ్ బాగుంది. ఫ్యాన్ రిలే (కరెంటు కలిపే స్విచ్) బదులు అదే నంబరున్న హారన్ రిలే తీసి పెట్టినా మార్పు లేదు. బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. మల్టీమీటర్‌తో చూస్తే, ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పే లో స్పీడ్ రెసిస్టర్ ఓపెన్, అంటే లోపల తెగిపోయింది. అందుకే మరీ వేడెక్కాక హై స్పీడ్‌లో మాత్రమే లేచేది. అక్కడ చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఆ ఫ్యాన్ చెప్పి తిరగదు.

రెసిస్టర్ మార్చాక ఆగినప్పుడు 97 దాటలేదు. టైమింగ్, ఏసీ రెండూ దారికొచ్చాయి. ఈ స్థితిలో గ్యాస్ ఎక్కువ ఎక్కించి ఉంటే హైసైడ్ (కండెన్సర్ వైపు) ప్రెషర్ ఇంకా పెరిగి, కంప్రెసర్ ఇంకా ముందే కట్ అయ్యేది.

అయితే మొదటి నెలల్లో "ఇక మెకానిక్‌తో పనిలేదు" అని దీని గురించి నేను చెప్పిన మాట కాస్త తగ్గించుకోవాలి. ఏసీ ప్రెషర్ మామూలు ఓబీడీ రీడింగుల్లో రాదు. దానికి ఆ కంపెనీకి ప్రత్యేకమైన రీడింగులు తెలిసిన స్కానరో, ఆర్134ఏ (ఈ ఏసీ గ్యాస్) ప్రెషర్ కొలిచే గేజ్ సెట్టో కావాలి. గ్యాస్ బరువు తూచి ఎక్కించడానికి షాపుకి వెళ్లక తప్పదు. ఇంకోటి, ఇలాంటి చవక క్లోన్‌లు (నకలు చిప్ ఉన్న స్కానర్లు) నెమ్మది. ఐదారు రీడింగులు ఒకేసారి అడిగితే ఒక్కోటి సెకనుకోసారి మారడం గొప్ప. అరక్షణం మిస్సింగ్ వచ్చిపోతే గ్రాఫ్‌లో జాడే ఉండదు. ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చే కాయిల్ మీద అనుమానమైతే పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చి చూడటమే మేలు.

డబ్బా మీద వెర్షన్ 1.5 అని ఉంటుంది. ఇది నకలు కొట్టిన అసలు ఈఎల్ఎం327 చిప్‌లో 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి తెలిసే కొన్నది కాబట్టి కోపం లేదు. కోపమంతా ఇది బండి ఆపినా నిద్రపోకపోవడం మీదే: సుమారు 40 మిల్లీఆంప్స్, అంటే రోజుకి దాదాపు 1 యాంపియర్ అవర్. చిన్న బ్యాటరీ ఉన్న బండి పది, పదిహేను రోజులు కదలకపోతే సెల్ఫ్ కొట్టకపోవచ్చు. పని అయ్యాక పీకేయాలి.

ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగే పెట్రోల్ బండి, బానెట్ ఎత్తే ఓపిక, చేతిలో మల్టీమీటర్ ఉన్నాయి కాబట్టి నాకు 900 గిట్టింది. డీజిల్‌వాళ్లకు పైన చెప్పిన ఫ్యూయల్ ట్రిమ్ లెక్క పనికిరాదు. 2013 ఏప్రిల్‌కి ముందు బండైతే స్కానర్ దానితో పనిచేస్తుందో లేదో, కొనేముందు ఎవరిదైనా అడిగి ఒకసారి గుచ్చి చూడండి. ఐఫోన్ ఉంటే ఈ మోడల్ జత కాదు, వైఫైదో బ్లూటూత్ లో ఎనర్జీదో తీసుకోవాలి.